షో జంపింగ్‌కు లేత గుర్రాన్ని తయారుచేయడం

షో జంపింగ్ అంటే వరుసగా నిలిపిన అడ్డుకర్రలను గుర్రంపై ఉన్న రౌతు నిర్ణీత సమయంలో దాటించే పోటీ. కర్ర పడితే 4 తప్పు పాయింట్లు. గుర్రం మొరాయిస్తే మొదటిసారి 4. అంతర్జాతీయ నియమాల ప్రకారం రెండోసారికి పోటీనుంచే తొలగిస్తారు.

శిక్షణ నేలమీద పరిచిన కర్రలతో మొదలవుతుంది. ట్రాట్ నడకకు వాటిమధ్య సుమారు 1.3 మీటర్ల ఎడం ఉండాలి. అడుగు కుదిరాకే ఎత్తు. గుర్రం 3 ఏళ్లకే ఒళ్లు చేస్తుంది గాని, వెన్నెముక ముదరడానికి ఐదారేళ్లు పడుతుంది. అందుకే కర్ర పెంచమని తొందరపెట్టే తల్లిదండ్రులతో మేము ఏకీభవించం. బెల్జియంలోని లానాకెన్‌లో జరిగే లేత గుర్రాల ప్రపంచ పోటీల్లోనూ 5, 6, 7 ఏళ్ల వాటికి వేర్వేరు తరగతులున్నాయి.

మొరాయించిన గుర్రం మీద కొరడా ఎత్తేముందు జీను, పళ్లు, కాళ్లు చూడాలి. నొప్పిని అది నోటితో చెప్పలేదు కదా! అన్నీ బాగుంటే కర్ర దించి, ఒక్కసారి దాటించి, మెడ నిమిరి, ఆ రోజుకు లాయానికి తోలుకెళ్లాలి.