గాలివేగానికి రెండు అంకెలు

తెలుగువారికి గాలి పేర్లు కొత్త కావు. పైరగాలి, వడగాలి, ఈదురుగాలి, హోరుగాలి వంటి మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క అనుభవాన్ని సూచిస్తాయి. అయితే రాబోయే గాలి బలాన్ని ముందుగానే అంకెలలో తెలపడం ఇటీవలి శాస్త్రం. దాని వెనుక తూర్పుతీరం అనుభవించిన విపత్తుల చరిత్ర ఉన్నది.

1789లో గోదావరి ముఖద్వారాన కోరంగిని ముంచిన ఉప్పెన వివరాలను కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్ సేకరించాడు. 1848లో వెలువడిన తన నావికుల గ్రంథం ద్వారా ‘సైక్లోన్’ అనే మాటను ఆయనే ప్రచారంలోకి తెచ్చాడు. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న బందరును తుఫానులు ధ్వంసం చేశాయి. ఒక్క బందరు ప్రాంతంలోనే సుమారు 30,000 మంది మరణించినట్లు అంచనా. మరుసటి సంవత్సరం కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు ఆరంభమయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. క్రమంగా ఇతర రేవులకూ ఈ ఏర్పాటు విస్తరించింది. పగలు స్తంభంపై గుర్తులు, రాత్రి దీపాలు నావికులకు ప్రమాదాన్ని తెలిపేవి. నేటికీ వినిపించే ఒకటి నుంచి పదకొండు వరకు గల ప్రమాద సూచికలు ఆ సంప్రదాయానికి చెందినవే.

సూచిక ప్రమాదాన్ని తెలిపేదే గాని గాలి స్వభావాన్ని వివరించేది కాదు. ఐర్లండు శాస్త్రజ్ఞుడు రాబిన్సన్ 1846లో రూపొందించిన గిన్నెల గాలిమాపకం కొంతసేపటి సగటు వేగాన్ని మాత్రమే చూపగలిగేది. 1879లో స్కాట్లండులోని టే వంతెన తుఫానులో కూలిన పిదప, గాలి ఒత్తిడిపై పరిశోధన ముమ్మరమైంది. డబ్ల్యు. హెచ్. డైన్స్ నిర్మించిన పీడననాళ మాపకం గాలిలోని ప్రతి విసురును కాగితంపై గీతగా నమోదు చేసింది. గాలి ఒకే వేగంతో సాగదని, క్షణక్షణం ఎగసి పడుతుందని ఆ రంపపు పళ్ల వంటి గీతలు చూపించాయి.

నేలపై చెట్లు, ఇళ్లు, గుట్టలు గాలిని అడ్డగించి సుడులు పుట్టిస్తాయి. ఆ సుడులు పైపొరలలోని వేగవంతమైన గాలిని కిందికి దించినప్పుడు విసురు కలుగుతుంది. అందువల్లనే సూచనలో రెండు అంకెలు ఉంటాయి. ‘గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 65’ అన్నప్పుడు మొదటిది నిలకడ గాలి, రెండవది విసురు. తుఫానుల విషయంలో భారత వాతావరణ శాఖ నిలకడ గాలిని మూడు నిమిషాల సగటుగా, అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటుగా లెక్కిస్తాయి. ఒకే తుఫానుకు వేర్వేరు అంకెలు వినిపించడానికి ఇదొక కారణం. విసురు కొన్ని సెకండ్ల పాటే ఉంటుంది. కాని గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 45 నుంచి 65కు చేరిన గాలి, వేగంలో ఒకటిన్నర రెట్లకు లోపే అయినా, ఒత్తిడిలో రెండు రెట్లు దాటుతుంది. ఇంటి కప్పును ఎగురగొట్టేది, పడవను తిరగవేసేది సాధారణంగా ఈ రెండవ అంకె.

1970లోనే విశాఖపట్నంలో దేశపు తొలి తుఫాను రాడారు నెలకొన్నది. అయినా 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించారు. తుఫానును కనిపెట్టగల సాధనం ఒక్కటే చాలదని ఆ విషాదం చాటింది. హెచ్చరిక గ్రామానికి చేరాలి, అర్థం కావాలి, తలదాచుకొనే చోటు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖను తాకింది. చెట్లు, విద్యుత్ స్తంభాలు నేలకొరిగాయి. కాని ముందస్తు సూచనలు, తరలింపుల వల్ల ప్రాణనష్టం పదులకే పరిమితమైంది.

బందరు నుంచి విశాఖ వరకు సాగిన ఈ నూటయాభై ఏళ్ల చరిత్రలో గాలి బలం తగ్గలేదు. పెరిగినది దానిని ముందుగా గుర్తించి, ఆ కబురును ప్రజలకు చేర్చే శక్తి. సూచనలోని రెండు అంకెలను విడివిడిగా అర్థం చేసుకొని, పల్లెకారులకు, రైతులకు వారి మాటల్లో వివరించడం తీరప్రాంత పాలనాధికారుల ముఖ్య కర్తవ్యం.