సముద్ర చేపల జన్యు వర్గీకరణ: ఆంధ్ర తీరం

చేపల కణాల్లోని డీఎన్‌ఏను చదివి, ఏ జాతి దేనికి దగ్గరి చుట్టమో, ఏది ముందు చీలి వేరైందో తేల్చే శాస్త్రశాఖ ఇది. తెలుగునాట దీని చరిత్ర డీఎన్‌ఏ అనే మాటే పుట్టని కాలంలో, విశాఖపట్నం ఒడ్డున మొదలైంది. ఆ మొదలు తెలిస్తేనే నేటి పరిశోధనకు ఏం కావాలో తెలుస్తుంది.

స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ (1727–1805) 1780లలో విశాఖలో ఉన్నాడు. 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. రక్తపింజర శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే. విశాఖలో దొరికిన చేపలకు బొమ్మలు గీయించి, రెండు వందల చేపల గ్రంథాన్ని 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువరించాడు. ఆయన చేసిన గొప్ప పని, ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లను విన్నవి విన్నట్టు రాసుకోవడం. ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ బొమ్మల ఆధారంగానే 1816లో కానాగంతకు ‘కానగుర్తా’ అని పేరు పెట్టాడు. ఇప్పుడది రాస్ట్రెల్లిగర్ కానగుర్తా. స్ఫైరీనా జెల్లో, హిల్సా కెలీ అనే పేర్లూ 1829లో అలా వచ్చినవే. ప్రపంచంలో ఏ ప్రయోగశాలలోనైనా ఈ చేపలను నేటికీ ఆ పేర్లతోనే పిలుస్తారు. ఈ ఘనతలో విశాఖ జాలర్లకు సగం వాటా ఉంది.

తర్వాతి మైలురాయి ఫ్రాన్సిస్ డే 1875లో ప్రచురించడం మొదలుపెట్టిన భారతదేశపు చేపల గ్రంథం. 1982లో దత్, సుజాత విశాఖ తీరం నుంచి సిల్లాగో సొరింగా అనే కొత్త జాతిని వర్ణించారు. సిల్లాగో చేపలు పైకి ఒక్కలాగే కనిపిస్తాయి. పొట్ట కోసి గాలితిత్తి ఆకారం చూస్తే గానీ చాలావాటిని విడదీయలేం. ఇలాంటి చోటే డీఎన్‌ఏ అక్కరకొస్తుంది.

2003లో కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 650 అక్షరాలు చదివితే జంతుజాతిని గుర్తించవచ్చని ప్రతిపాదించాడు. డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అంటే ఇదే. 2005లో ఆస్ట్రేలియాలో 207 చేపజాతులపై దీన్ని పరీక్షించి చూశారు. మన దేశంలో లక్నోలోని జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ శాస్త్రవేత్తలు 2011లో 115 సముద్ర జాతుల బార్‌కోడ్‌లు ప్రకటించారు. బార్‌కోడింగ్‌కు చేప మొత్తం అక్కర్లేదు. తీరానికి ఎంతో దూరాన, అనంతపురం పీఠభూమిలో ఉన్న తనకల్లు వంటి ఊరికి మంచులో వచ్చిన, తలా తోకా లేని ముక్కనుంచైనా అది ఏ చేపో చెప్పవచ్చు.

జాతిని గుర్తించడం ఒక పని, వంశవృక్షం కట్టడం ఇంకో పని. రెండోదానికి ఒక్క జన్యువు చాలదు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి తండ్రి వైపు చరిత్ర అందులో ఉండదు. అందుకే కేంద్రకంలోని అనేక జన్యువులను కలిపి చదవడం మొదలైంది. 2013లో వచ్చిన ఫలితాలు పాత పుస్తకాలను తిరగరాయించాయి. అంతవరకూ ‘పెర్సిఫార్మిస్’ అనే ఒకే పెద్ద క్రమంలో కుక్కిన చేపలను అనేక క్రమాలుగా విడగొట్టారు. జపాన్‌కు చెందిన మసాకి మియా బృందం కానాగంత, వంజరం, ట్యూనాల కుటుంబానికి చందువల కుటుంబం దగ్గరి బంధువని చూపింది. చూపులకు వీటి మధ్య పోలికే లేదు. కొమ్ముకోనాం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వంజరానికి మరో పేరైన కోనాం అన్న మాట పేరులో ఉన్నా, ట్యూనాలా దూసుకుపోయినా, దాని చుట్టరికం పండుగప్పతోనూ, రెండు కళ్ళూ ఒకే పక్కన ఉండే బల్లపరుపు చేపలతోనూ. ఈ విషయంలో రూపం శాస్త్రవేత్తలను చాలాకాలం తప్పుదారి పట్టించింది.

2023లో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ నూనె కవళ్ళ జన్యుపటాన్ని పూర్తిగా కూర్చింది. అందులో వంద కోట్లకు పైగా అక్షరాలున్నాయి.

ఇంత జరిగినా పునాదిలో ఒక ఖాళీ ఉంది. జన్యు అక్షరాలు తమంతట తాము పేరు చెప్పవు. సరిగా గుర్తించి భద్రపరచిన చేపతో పోల్చినప్పుడే అవి పలుకుతాయి. పేరు తప్పు పడిన నమూనా ఒక్కటి డేటాబేస్‌లో చేరితే ఆ తప్పు ఎన్నో పరిశోధనలకు పాకుతుంది. కానాగంత పేరు బొమ్మ మీద నిలిచింది, బొమ్మలో డీఎన్‌ఏ ఉండదు. ఆ జాతి మూలస్థలం విశాఖపట్నం గనుక, పోలికకు ప్రామాణికమైన చేప కూడా అక్కడి వలలోంచే రావాలి. రస్సెల్ బొమ్మలు గీయించిన ప్రతి జాతినీ విశాఖ రేవుల్లో మళ్ళీ సేకరించి, కణజాలంతో సహా భద్రపరచి, తెలుగు పేరుతో నమోదు చేసే బాధ్యతను ఆంధ్ర విశ్వవిద్యాలయం, అక్కడి మత్స్య పరిశోధన కేంద్రాలు కలిసి తీసుకోవాలి.