బూడిదదిబ్బలు చెప్పు చరిత్రము

చరిత్రమనగానే మనకు మొట్టమొదట రాజులే జ్ఞప్తికి వత్తురు. ఏ రాజెప్పుడు సింహాసనమెక్కెను, ఎవరిని జయించెను, ఎవరి చేతిలో ఓడెను, ఏ కవికి ఏ అగ్రహారమిచ్చెను అనునవియే పాఠశాలలలో మేము పిల్లలచేత వల్లె వేయించు విషయములు. రాజులకు శాసనములున్నవి, ప్రశస్తులున్నవి, కావ్యములున్నవి. కాని ఆ రాజులకు వేలకొలది ఏండ్లకు పూర్వము ఈ నేలమీదనే పుట్టి, పసులను మేపి, గింజలు నూరుకొని, బిడ్డలను కని, వారిలో కొందరిని పెంచుకొని కొందరిని మట్టిపాలు చేసి, తుదకు తామును మట్టిలో కలసిన జనుల మాట యేమి? వారికి లిపి లేదు. వారి పేరు ఏ గ్రంథమునను లేదు. పేరు మిగులనివారికి చరిత్రము లేదందమా?

కొన్నియేండ్ల క్రిందట మేము విద్యార్థులను వెంటబెట్టుకొని హంపి శిథిలములను చూడ పోవుచుంటిమి. బళ్ళారినుండి హొసపేటకు పోవు త్రోవలో కుడితిని గ్రామము దాటిన పిమ్మట బాట ప్రక్కనే పెద్ద దిబ్బ యొకటి కనబడెను. దిగి చూడగా అది మట్టిదిబ్బ కాదు, బూడిదదిబ్బ. కొన్నిచోట్ల బూడిద మెత్తగా నున్నది. కొన్నిచోట్ల కరగి గడ్డకట్టి, కమ్మరికొలిమిలోని చిట్టెమువలె బుడగలుబుడగలుగా, గాజువలె మెరయుచున్నది. అచ్చట మేకలు కాచుకొను వృద్ధుడొకడు, భీమసేనుడు హిడింబాసురుని చంపి దహనము చేసిన చోటిదియే యని చెప్పెను. మా విద్యార్థి యొకడు, "అయ్యవారూ, ఒక్క రాక్షసుని కాల్చిన ఇంత బూడిద వచ్చునా?" అని అడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి గాని మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు విద్వాంసులకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఉత్తరమునకు పూర్వము చరిత్రకారునికి గల సాధనము లెట్టివో కొంచెము తెలిసికొనవలెను. మొదటిది వ్రాత. మన ప్రాంతమున చదువదగిన వ్రాతలలో మిక్కిలి ప్రాచీనములైనవానిలో కర్నూలు జిల్లా ఎర్రగుడియందును, రాయచూరు జిల్లా మస్కియందును గల అశోకుని శిలాశాసనములు చేరును. అవి క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దము నాటివి. ఆ లిపిని చదువగలవారు లేక ఎన్నో శతాబ్దములు గడచెను. 1837 ప్రాంతమున జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మీలిపి మర్మమును కనిపెట్టిన తరువాత, శాసనములలో పలుమారు వచ్చు ప్రియదర్శి అను రాజెవ్వరను ప్రశ్న పుట్టెను. సింహళదేశపు పాళీ గ్రంథములను బట్టి అతడు అశోకుడే యని ఊహించిరి. 1915లో మస్కి శాసనము దొరకి, దానియందు అశోకుడను పేరే కనబడుటచే ఆ యూహ నిజమని తేలినది. గ్రంథము చెప్పినదానికి శిల సాక్ష్యమిచ్చెను. ఇట్లు రెండు సాక్ష్యములు ఒకదానితో నొకటి సంప్రదించుకొనకయే యేకమైనప్పుడు సత్యము స్థిరపడును.

అయితే ఆ మస్కియందే తరువాత త్రవ్విచూడగా అశోకునికి మిక్కిలి పూర్వపు జనుల నివాసము బయటపడినది. అచ్చట వ్రాత లేదు, గ్రంథసాక్ష్యము లేదు. కుండపెంకులు, రాతిపనిముట్లు మాత్రమే యున్నవి. చదువు తెలిసినవారమని గర్వించు మనము ఇట్టిచోట నిరక్షరులమే. ఈ భాషను నేర్పునదియే పురావస్తుశాస్త్రము.

బూడిదదిబ్బలు కృష్ణా తుంగభద్రల నడిమి సీమలోను, దాని చుట్టుపట్లను బళ్ళారి, రాయచూరు, కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో పెక్కు కలవు. మదరాసు సైన్యమున ఉద్యోగియైన న్యూబోల్డు 1836 ప్రాంతముననే వీనిని గూర్చి వ్రాసెను. అప్పుడును గ్రామస్థులు భీముని కథయే చెప్పిరి. చదివిన పండితులు చేసిన యూహలు మాత్రము దానికంటె గట్టివా? అగ్నిపర్వతములు కక్కిన బూడిద యని కొందరు, సున్నపుబట్టీలని కొందరు, ఇనుము కరగించిన చోట్లని కొందరు, మహాయజ్ఞముల శేషమని కొందరు, మూకుమ్మడిగా శవములను దహించిన చోట్లని మరికొందరు తలచిరి. ఇంత బూడిద ఏల వచ్చినదను ప్రశ్నను పసుల కాపరియు విడువలేదు, పండితుడును విడువలేదు. తమ ఉత్తరమును పరీక్షింపకయే నమ్ముటలో మాత్రము చాలకాలము ఇరువురును సమానులే. కావున కథలు చెప్పుకొను పామరులను చూచి మనము నవ్వరాదు.

ఈ చిక్కు విప్పుటకు తొలి దారి చూపినవాడు రాబర్టు బ్రూసు ఫూటు. ఈయన భూగర్భపరిశోధనశాఖలో ఉద్యోగి. 1863 మే 30వ తేదీన మదరాసు దగ్గరి పల్లావరమున ఒక రాతిగొడ్డలిని కనుగొని, ఈ దేశమున శిలాయుగపు మానవుడు కలడని ఋజువు చేసినవాడు. ఆయన బూడిదదిబ్బల చుట్టును నడచి, వాని దాపున నునుపుగా నూరిన రాతిగొడ్డళ్ళను, కుండపెంకులను చూచి, ఇవి నవీనశిలాయుగపు వారివని నిశ్చయించెను. ఆ రాతిగొడ్డళ్ళు పొలములలో దొరకినప్పుడు మనవారు పిడుగురాళ్ళని చెట్టుక్రిందనో గుడిలోనో పెట్టి పూజించుటయు కలదు. బూడిద పశువుల పేడ కాలగా ఏర్పడినదని ఆయన యభిప్రాయము. 1960 ప్రాంతమున జాయ్నరు అను శాస్త్రజ్ఞుడు కుడితిని బూడిదను పరీక్షించి ఆ యభిప్రాయమునే బలపరచెను. గడ్డియందు ఇసుకజాతి పదార్థము సూక్ష్మరూపమున నుండును. పశువు మేసిన గడ్డిలోని ఆ పదార్థము పేడలో చేరి, పెద్దమంటలో కరగి, గాజువంటి గడ్డ కట్టును. మా విద్యార్థి చేతబట్టిన చిట్టెమట్టి గడ్డ రాక్షసుని యెముక కాదు; ఏనాడో ఆవు మేసిన గడ్డి.

పేడయని తెలిసినంతమాత్రమున కథ పూర్తి కాలేదు. ఇంత పేడ ఒకచోట నెట్లు చేరెను? దీనికి ఉత్తరము మహబూబునగరపు సీమలోని ఉట్నూరులో దొరకెను. (ఇది ఆదిలాబాదు సీమలోని ఉట్నూరు కాదని చదువరులు గమనింతురు గాక.) 1957లో ఫ్రాంకు రేమండు ఆల్చిన్ అచ్చటి దిబ్బను పొరపొరగా త్రవ్వించెను. త్రవ్వకమనగా గునపముతో పెకలించుట కాదు. అడుగున నున్నది ముందటిది, పైన నున్నది తరువాతిది. ఏ పొరలో ఏ వస్తువు దొరకెనో తప్పకుండ వ్రాసికొనుచు పోవలెను. పొర చెదరిన సాక్ష్యము చెదరును.

అట్లు త్రవ్వగా, దుంగలు వరుసగా పాతి కట్టిన దొడ్డి యొకటి, దానిచుట్టు మరియొక దుంగలవరుస కనబడెను. దుంగలు పోయినను అవి పాతిన గుంటలు నేలలో మిగిలియుండెను. లోపలి ఆవరణము పశువులకు. రెండు వరుసల నడుమ మనుష్యులు గుడిసెలు వేసికొని యుండిరి. దొడ్డిలో చేరిన పేడ కాలెను, మరల దొడ్డి కట్టిరి, మరల కాలెను. ఇట్లు పలుమారులు జరిగినట్లు పొరలు చెప్పుచున్నవి. అన్నిటికంటె ఆశ్చర్యకరమైన దేమనగా, బూడిదపొరల నడుమ పశువుల గిట్టల జాడలు చెక్కుచెదరక నిలిచియుండెను. పేరు తెలియని కాపరి యెవడో ఒక సాయంకాలము మందను దొడ్డికి తోలినప్పుడు పడిన యడుగులవి. ఎందరో సార్వభౌముల జయస్తంభములు కూలిపోయినవి గాని ఈ గిట్టల గుర్తులు నిలిచినవి.

ఇవి ఎప్పటివి? దీనికిని సాధనము కలదు. ప్రాణమున్నంతవరకు చెట్టుగాని పశువుగాని గాలినుండియో ఆహారమునుండియో కర్బనమును గ్రహించుచుండును. అందు కొంచెము భాగము తనంత తాను క్షీణించు జాతిది. ప్రాణము పోయినది మొదలు అది 5730 సంవత్సరములకు సగమగును. బొగ్గులో ఎంత మిగిలినదో కొలిచి కాలమును లెక్కింపవచ్చునని అమెరికాలో లిబ్బీయను శాస్త్రజ్ఞుడు 1949లో నిరూపించెను. ఆ లెక్కను బట్టి ఉట్నూరు దొడ్డి క్రీస్తునకు పూర్వము మూడవ సహస్రాబ్దినాటిది. అనగా ఎర్రగుడి బండపై అశోకుని ఉలి పడుటకు రెండువేల యేండ్లకు పైబడిన కాలమన్నమాట.

వారేమి తినిరి? బళ్ళారి దగ్గరి సంగనకల్లు మొదలైన చోట్ల త్రవ్విన మన్ను నీటిలో కలిపి చూచిరి. మాడిన గింజ తేలికగుటచే నీటిపైకి తేలును. దానిని వడియగట్టి సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. ఉలవలు, పెసలు, అండుకొర్రలు మొదలగునవి కనబడెను. మన యిండ్లలో నేటికిని ఉలవచారు కాగుచున్నది, పెసరట్టు పొంగుచున్నది. వంటింటిలోనికి వచ్చిన చరిత్రమిది.

కర్ణాటకమున శోరాపురపు సీమలోని బూదిహాళు అనుచోట కట్రగడ్డ పద్దయ్యగారు 1989 మొదలు పలు సంవత్సరములు త్రవ్వకములు జరిపిరి. దొడ్డి, దాని ప్రక్క గుడిసెలు, కుండలలో పెట్టి పూడ్చిన పసిబిడ్డల యెముకలు, పశువులను కోసి మాంసము పంచుకొన్న స్థలము అచ్చట బయల్పడెను. ఈ కడపటి మాట చదివి కొందరు చదువరులు ముఖము చిట్లింపవచ్చును. ఆవులను మేపినవారే వానిని తినిరా యని కలత పడవచ్చును. తినిరి, కత్తిగాట్లు గల యెముకలు సాక్ష్యము. మన యాచారము మనకు గౌరవనీయమే కావచ్చును. కాని నాలుగువేల యేండ్లకు పూర్వపువారు మన యాచారమును ముందుగా తెలిసికొని నడువవలెనని శాసించుటకు మనమెవ్వరము? మనకు నచ్చినది దొరకినప్పుడు చరిత్రమనియు, నచ్చనిది దొరకినప్పుడు అబద్ధమనియు అనువాడు చరిత్రమును కోరువాడు కాడు, అద్దమును కోరువాడు.

పేడను ఏల కాల్చిరను ప్రశ్న మాత్రము నేటికిని వివాదగ్రస్తముగనే యున్నది. ఇది పండుగనాడు చేసిన క్రియయై యుండునని ఆల్చిన్ తలచి, హోళీ, దీపావళి, సంక్రాంతుల మంటలను స్మరించెను. మన భోగిమంటయు, కనుమనాటి పశుపూజయు వెంటనే మనస్సునకు తోచును. మాకును ఈ యూహ మనోహరముగనే తోచినది. కాని మనోహరమైనంతమాత్రమున నిజము కాదు. దొడ్డి శుభ్రపరచుటకు కుప్పవేసిన పేడ కాలియుండునని కొందరును, బుద్ధిపూర్వకముగ పెంచిన స్మారకములని కొందరును చెప్పుచున్నారు. నాలుగువేల యేండ్ల యెడము గల రెండు మంటలను కలుపు త్రాడు ఇంకను చేత చిక్కలేదు. భీముని కథను విడిచి భోగికథను పట్టుకొన్నచో మనము ముందునకు పోయినవారము కాము.

మన కుటుంబములలో వంశవృక్షములు వ్రాసికొని, గోత్రప్రవరలు చెప్పుకొని పొంగిపోవువారు కలరు. మేము వారిని నిందింపము. కాని ఈ దేశమున బండరాళ్ళ నడుమ తొలుత మందలను పెంచినవారు, ఉలవ చల్లినవారు, రాయి నూరి గొడ్డలి చేసినవారు ఏ గోత్రమువారో ఎవ్వరును చెప్పజాలరు. వారి శ్రమఫలము మాత్రము అందరమును అనుభవించుచున్నాము. పసులు కాయువానిని, కుండలు చేయువానిని తక్కువ కులమువాడని పంక్తికి దూరముగ నుంచిన మనకు ఇంతకంటె గొప్ప పాఠమేమి కావలెను?

ఇక నొక విచారకరమైన సంగతి. ఈ బూడిద పొలములకు ఎరువగునని బండ్లకొలది తవ్వి తోలుకొనిపోయిరి. పెక్కు దిబ్బలు ఆనవాలు లేకుండ పోయినవి. రాతిగనులు కొన్నిటిని మ్రింగినవి. బీదరైతును దీనికి తప్పు పట్టుట న్యాయము కాదు. అది ఏమియో అతనికి చెప్పిన వారెవ్వరు? తాళపత్రగ్రంథము చెదలపాలైన అయ్యో యని విలపించు మనము, ఒక దిబ్బ బండికెక్కినప్పుడు ఊరకుంటిమి. గ్రంథమునకు మరియొక ప్రతి ఎచ్చటనైన దొరకవచ్చును. దిబ్బకు రెండవ ప్రతి లేదు.

కావున చదువరులకు మా మనవి యిది. మీ యూరి పొలిమేరలో వింతయైన దిబ్బగాని, నూరిన రాయిగాని, పాత కుండపెంకులుగాని కనబడినచో మీరే త్రవ్వబూనకుడు. ఆ వస్తువును ఇంటికి తెచ్చి అలమారలో పెట్టకుడు. పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. మీ బిడ్డలను అచ్చటికి తీసికొనిపోయి చూపుడు. ఊరి పెద్దలు చెప్పు కథను వినుడు, వ్రాసికొనుడు, పిమ్మట నేల యేమి చెప్పుచున్నదో అడుగుడు. నాడు కుడితిని దిబ్బపై నిలిచి ఆ బాలుడు అడిగిన ప్రశ్నవంటివి ప్రతి పాఠశాలలోను పుట్టవలెను. అట్టి ప్రశ్నను గదమాయించి అణచునట్టి ఉపాధ్యాయుడు ఒక దిబ్బను బండికెత్తిన వానికంటె ఎక్కువ నష్టము చేసినవాడగును.