కొలిమి పక్కన పుట్టిన చలి

టాటానగర్ నుంచి చక్రధర్‌పూర్ వైపు వెళ్లే ప్యాసింజర్ రైలు ఆదిత్యపూర్ దాటగానే గమ్హరియాలో ఆగుతుంది. ఇప్పుడిది ఝార్ఖండ్‌లోని సరాయ్‌కేలా-ఖర్సావా జిల్లా. ఊరికి ఒకవైపు జంషెడ్‌పూర్, చుట్టూ ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ. ఈ పట్టాలు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే వేసినవి. ఆ రైల్వే పనులకూ, 1907లో పుట్టిన టాటా ఉక్కు కంపెనీ పనులకూ ఉత్తరాంధ్ర నుంచి జనం తరలివెళ్లారు. ఖరగ్‌పూర్‌లోనూ జంషెడ్‌పూర్‌లోనూ ఈనాటికీ తెలుగు వినిపిస్తుందంటే కారణం ఆ వలసే.

ఈ ప్రాంతం పేరెత్తితే ఎవరికైనా గుర్తొచ్చేది నిప్పు. ఇనుము కరగాలంటే 1500 డిగ్రీలకు పైగా వేడి కావాలి. అదే ఉక్కు నగరంలో సున్నాకు 196 డిగ్రీల దిగువన ఉండే చలి కూడా తయారవుతుంది. కొలిమికి కావలసిన ఆక్సిజన్‌ను గాలి నుంచే తీయాలి కాబట్టి.

గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. గాలిని విపరీతంగా చల్లార్చి ద్రవంగా మారిస్తే ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర, నైట్రోజన్ మైనస్ 196 దగ్గర మరుగుతాయి. ఆ కాస్త తేడాతో రెండింటినీ విడదీయవచ్చు. జర్మనీకి చెందిన కార్ల్ ఫాన్ లిండే 1895లో గాలిని పెద్ద ఎత్తున ద్రవంగా మార్చాడు, 1902 నాటికి దాన్ని విడగొట్టే పద్ధతినీ సాధించాడు. కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊది ఉక్కు చేసే పద్ధతి 1952లో ఆస్ట్రియాలోని లింజ్ పట్టణంలో మొదలైంది. గమ్హరియా మీదుగా సాగే ఈ రైలుమార్గంలోనే ముందున్న రూర్కెలాకు 1950ల చివర్లో ఆ పద్ధతి వచ్చింది, మన దేశంలో అదే మొదలు. జంషెడ్‌పూర్‌లో గాలిని విడగొట్టే లిండే ఇండియా కేంద్రాలు టాటా స్టీల్‌కు ఆక్సిజన్ అందిస్తున్నాయి. 2021లో కరోనా రెండో అల ముంచెత్తినప్పుడు టాటానగర్ నుంచి ద్రవ ఆక్సిజన్ రైలు బెంగళూరుదాకా వెళ్లింది.

ఆక్సిజన్ కోసం గాలిని విడగొట్టినప్పుడల్లా నైట్రోజన్ కూడా చేతికొస్తుంది. ఉక్కు, వెల్డింగ్, వైద్యం కోసం వెలసిన ఈ పరిశ్రమే ద్రవ నైట్రోజన్‌ను చౌకగా అందుబాటులోకి తెచ్చింది. జీవకణాన్ని ఏళ్ల తరబడి నిద్రపుచ్చే పనికి ఆధారం ఆ ద్రవమే.

అయితే చలి దొరికినంత మాత్రాన కణం బతకదు. కొత్తిమీర కట్టను ఫ్రీజర్‌లో పెట్టి మర్నాడు బయటికి తీస్తే ఏమవుతుందో వంటింట్లో అందరికీ తెలుసు. రంగు ఉంటుంది గానీ ఆకు చచ్చుబడి నీరు కారుతుంది. నీరు మంచుగా మారేటప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, కణంలో ఏర్పడిన పలుకులు పొరలను చీలుస్తాయి. నెమ్మదిగా చల్లార్చినా గండమే. కణం బయటి నీరు ముందు గడ్డకడుతుంది, మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడుతుంది, ఆ ఉప్పు కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. వేగంగా చల్లారిస్తే లోపల మంచు, నిదానిస్తే లోపల కరువు. ఈ రెండు గండాల లెక్కను అమెరికా శాస్త్రవేత్త పీటర్ మజూర్ 1960, 70లలో తేల్చాడు. కణానికి శత్రువు చలి కాదని, అందులోని నీరేనని అప్పటికి స్పష్టమైంది.

బ్లడ్ బ్యాంకులో ఇది రోజూ కనిపించే సంగతే. ఎర్ర రక్తకణాలను 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచితే, తగిన ద్రావణంలో 42 రోజుల దాకా పనికొస్తాయి. ఏ రక్షణా లేకుండా గడ్డకట్టిస్తే పగిలిపోతాయి. ప్లేట్‌లెట్లకు ఫ్రిజ్ చలి కూడా పడదు. వాటిని 20–24 డిగ్రీల దగ్గర, కదుపుతూ ఉంచాలి.

గడ్డకట్టించినా కణాన్ని బతికించే దారి 1949లో లండన్ శివారులోని మిల్ హిల్ పరిశోధన కేంద్రంలో అనుకోకుండా దొరికింది. క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యాన్ని చక్కెర ద్రావణంలో గడ్డకట్టించి చూశారు, కుదరలేదు. నెలల తర్వాత అదే ద్రావణం అనుకుని ఒక సీసాతో మళ్లీ ప్రయత్నిస్తే కణాలు బతికి కదిలాయి. ఆరా తీస్తే సీసాలో ఉన్నది చక్కెర కాదు, గ్లిజరిన్, గుడ్డు తెల్లసొన కలిసిన ద్రావణం. మందుల షాపులో దొరికే ఆ గ్లిజరిన్ కణంలోకి చేరి నీటితో కలిసి, మంచు పలుకులు విపరీతంగా పెరగకుండా, ఉప్పు మరీ చిక్కబడకుండా అడ్డుకుంటుంది. 1951కల్లా గడ్డకట్టించి కరిగించిన వీర్యంతో ఇంగ్లండ్‌లో దూడ పుట్టింది.

ఆ దూడతో ఒక పాత ఆచారం మారడం మొదలైంది. మన పల్లెల్లో ఆవు ఎదకొస్తే ఆబోతు దగ్గరికి తోలుకెళ్లేవారు. ఊరికి ఒక ఆబోతును దేవుడి పేర వదలడం కూడా ఉండేది. ఇప్పుడు పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర బండి మీద నైట్రోజన్ క్యాన్ పెట్టుకుని గుమ్మం ముందు ఆగుతాడు. అందులో పావు మిల్లీలీటరు పట్టే సన్నని స్ట్రాలు ఉంటాయి. ఒకదాన్ని తీసి 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషం ఉంచుతాడు. 'సూది వేయించాం' అని రైతులు చెప్పుకునేది దీన్నే. ఆవు చూడి కట్టిందా లేదా అన్నది ఆ స్ట్రా దారిలో ఎక్కడా వేడెక్కకుండా వచ్చిందా అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. క్యాన్‌లోని నైట్రోజన్ రోజూ కొంత ఆవిరవుతూనే ఉంటుంది. సకాలంలో నింపకపోతే అందులోని కణాలన్నీ దక్కవు.

ఈ విద్య సముద్రాలు దాటిన మన ఒంగోలు జాతిని విస్తరింపజేసింది. బ్రెజిల్‌లో ఈ పశువును నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే అది. 1960ల ఆరంభంలో అక్కడికి చేరిన కోడెల్లో ఒకటి ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతో 'కర్వాడి'గా ప్రసిద్ధికెక్కి ఎన్నో మందలకు మూలపురుషుడైంది. ఆ వంశాలు లక్షల సంఖ్యకు పెరగడంలో గడ్డకట్టించిన వీర్యం, పిండాలు పెద్ద పాత్ర పోషించాయి. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలానికి వచ్చింది. ఆ ధర ప్రకారం మొత్తం ఆవు విలువ సుమారు 43 లక్షల డాలర్లు. కొన్నవాళ్లు లెక్కకట్టింది దాని పాలను కాదు, అండాలను.

పశువుల్లో సాధ్యమైనది మనిషి పిండంలో సాధ్యమా? ఈ ప్రశ్నకు మొదట జవాబిచ్చినవాడు ఇప్పటి ఝార్ఖండ్ గడ్డ మీదే పుట్టాడు. సుభాష్ ముఖోపాధ్యాయ్ 1931 జనవరి 16న హజారీబాగ్‌లో జన్మించాడు. కలకత్తాలో వైద్యం చదివి, అక్కడ ఒక డాక్టరేట్, ఎడిన్‌బరోలో మరొకటి సంపాదించి తిరిగొచ్చి బెంగాల్ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పాడు. ఆయనకు తోడు ఇద్దరు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన సునీత్ ముఖర్జీకి గడ్డకట్టించే శాస్త్రం తెలుసు, సరోజ్‌కాంతి భట్టాచార్య స్త్రీవైద్య నిపుణుడు.

1978 జులై 25న ఇంగ్లండ్‌లో ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టింది. సరిగ్గా 70 రోజులకు, అక్టోబర్ 3న, కలకత్తాలో మరో పాప పుట్టింది. దసరా రోజులు కాబట్టి ఆమెను దుర్గ అన్నారు. ఇంగ్లండ్ వైద్యులు పిండాన్ని గడ్డకట్టించలేదు. సుభాష్ బృందం గడ్డకట్టించింది. హార్మోన్ మందులతో ఒకటికి మించి అండాలు పండించి, ఫలదీకరణ చేసి, గ్లిజరిన్ చేసే పనే చేసే డీఎంఎస్‌ఓ ద్రవంతో పిండాలను కాపాడి చలిలో దాచింది. తల్లి గర్భాశయం మందుల ప్రభావం నుంచి తేరుకున్నాక, మరో నెలసరిలో పిండాన్ని కరిగించి ప్రవేశపెట్టింది. ఈ వివరాలు ఆ ఏడాదే క్రయోజెనిక్స్ రంగానికి చెందిన భారతీయ పత్రికలో అచ్చయ్యాయి. గడ్డకట్టించిన పిండం నుంచి బిడ్డ పుట్టినట్టు ప్రపంచం ఒప్పుకున్నది 1984లో, ఆస్ట్రేలియాలో. దానికి ఆరేళ్ల ముందే కలకత్తాలో జరిగిందది.

సొంత ప్రభుత్వం ఆయన్ను నమ్మలేదు. 1978 నవంబర్‌లో విచారణ సంఘం వేసింది. దానికి పెద్ద ఒక రేడియో భౌతిక శాస్త్రవేత్త. సంఘం ఆయన మాటలు బూటకమని తేల్చింది. జపాన్‌లో తన పని వివరించడానికి పిలుపొస్తే అనుమతి రాలేదు. 1981లో కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. హార్మోన్ల మీద, అండాల మీద జీవితం పెట్టిన మనిషికి అక్కడ చేయడానికి పనేముంది? ఆ ఏడాది జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి వయసు యాభై.

ఈ అన్యాయాన్ని వెలికితీసినవాడు, దాన్ని సరిదిద్దితే తన పేరే వెనక్కి పోయే శాస్త్రవేత్త. 1986లో ముంబైలో పుట్టిన హర్షను దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ అన్నారు, ఆ ఘనత ఇందిరా హిందూజా, టి.సి. ఆనంద్‌కుమార్‌లది. తర్వాత ఆనంద్‌కుమార్ సుభాష్ రాసుకున్న కాగితాలు చదివి, మొదటివాడు ఆయనేనని 1997లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశాడు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి కూడా ఆయన కృషిని గుర్తించింది. ఈనాడు సంతాన సాఫల్య కేంద్రాల్లో పిండాలను దాచి మరో నెలసరిలో ప్రవేశపెట్టడం మామూలు పద్ధతి.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, 1972లో నెలకొన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లోని విత్తన నిధి, శత్రువు చలి కాదు నీరేనన్న పాఠాన్ని మరోలా అమలు చేస్తుంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాలను ముందు బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచుల్లో మైనస్ 20 డిగ్రీల దగ్గర దాస్తుంది. చెమ్మ తీయకుండా చలిలో పెడితే విత్తనం చస్తుంది. గింజను కొరికి, పంటి కింద టక్కుమంటేనే పాతరకు పంపిన మన రైతులకు ఈ పాఠంలో సగం ముందే తెలుసు.

మన బడి పుస్తకాలు టెస్ట్‌ట్యూబ్ బేబీ అనగానే 1978 జులై 25 చెబుతాయి. అదే పేజీలో 1978 అక్టోబర్ 3ను, హజారీబాగ్‌లో పుట్టిన సుభాష్ ముఖోపాధ్యాయ్ పేరును కూడా చేర్చాలి. ఝార్ఖండ్ పిల్లలకు మాత్రమే కాదు, తెలుగు పిల్లలకూ ఆ పేరు తెలియాలి. ఉపాధ్యాయులు పుస్తకం మారేదాకా ఆగనక్కర్లేదు, ఆ పాఠం వచ్చిన రోజున ఆ పేరు బోర్డు మీద రాస్తే చాలు.