వేట: ప్రతిపదార్థం

పద్యం చేతికిస్తే ముందు ప్రతిపదార్థం రాయమనేవారు మా తెలుగు మాస్టారు. తాత్పర్యం సంగతి తర్వాత. ఆ అలవాటుతోనే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందేసుకుని కూర్చున్నాను. రెండో సెక్షన్, పదహారో క్లాజు ‘వేట’ అంటే ఏమిటో చెబుతుంది. కవిత్వం లేదు గానీ క్రియలు బోలెడు: చంపడం, విషం పెట్టడం, పట్టడం, తరమడం, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, తోలడం, ఎర వేయడం, గాయపరచడం, ఒంట్లోని ఏ భాగాన్నైనా తీసుకోవడం, గుడ్లను గూళ్లను చెరపడం. చంపబోవడం, పట్టబోవడం కూడా వేటే. ఇంత జాబితాలో తుపాకీ ఊసు లేదు. మన ఊహలో మాత్రం వేటగాడంటే ముందు తుపాకీ, తర్వాతే మనిషి.

వేట — మొదట్లో ఈ చట్టం వేటను మొత్తంగా నిషేధించలేదు. పెద్ద జంతువులకో లైసెన్సు, చిన్నవాటికో లైసెన్సు, పట్టుకోవడానికి ఇంకొకటి. 1991 సవరణతో అవన్నీ పోయాయి. సరదా వేటకు మన దేశంలో తలుపు పడి ముప్పై ఏళ్లు దాటిందంతే. అంతకుముందు రోజుల మాటకొస్తే, 1936లో క్రికెట్ జట్టును ఇంగ్లండుకు తీసుకెళ్లిన మన విజయనగరం మహారాజకుమార్ ‘విజ్జీ’ మూడు వందలకు పైగా పులులను కొట్టారని చెబుతారు. ఇంకా వెనక్కి వెళితే పెద్దలు వేటను సప్తవ్యసనాల్లో చేర్చారు. కౌటిల్యుడు మాత్రం జూదం కన్నా వేట నయమన్నాడు: ఒళ్లు వంగుతుంది, కొవ్వు కరుగుతుంది, కదిలే గురిని కొట్టడం అలవాటవుతుంది. వద్దన్నవారి లెక్కలోనూ, పరవాలేదన్నవాడి లెక్కలోనూ ఉన్నది రాజు బాగోగులే. లేడి సంగతి ఎవరికీ పట్టలేదు.

చంపడం — లేడి సంగతి ఎత్తింది భారతం. కిందముడనే ముని జింక రూపంలో భార్యతో కూడి ఉండగా పాండురాజు బాణం వేశాడు. వేట రాజులకు తగినదేనని వాదించాడు కూడా. ముని ఆ మాటను కాదనలేదు. కొట్టినందుకు కాదు, ఆ వేళప్పుడు కొట్టినందుకు శపించాడు. జంతువులు జతకట్టే కాలంలో, పిల్లలను పెంచే కాలంలో వేట ఆపమని పడమటి దేశాల్లో పెట్టుకున్న ‘సీజన్’ నియమం ఈ శాపానికి దూరపు చుట్టమే. దశరథుడిది ఇంకో తప్పు. సరయూ ఒడ్డున చీకట్లో కుండ మునిగే చప్పుడు విని ఏనుగనుకున్నాడు. శబ్దవేధి అని మనం మెచ్చుకునే విద్య అది. కంటితో పోల్చుకోనిదాని మీద గుండు పేల్చవద్దన్నది ఇవాళ తుపాకీ పట్టడం నేర్పేవాళ్లు చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి. అయితే ఈ ఇద్దరు రాజుల దగ్గరా ఒక సంగతి ఉంది. కొట్టినదాని దగ్గరికి నడిచి వెళ్లారు. చచ్చిపోతున్నవాడు ఏమంటున్నాడో నిలబడి విన్నారు. తర్వాతి పదాల దగ్గర ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

గాయపరచడం — 1907లో జిమ్ కార్బెట్ కుమావూఁ కొండల్లో చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. నోరు తెరిచి చూస్తే కుడివైపు పై కోర, కింది కోర విరిగి ఉన్నాయి. పాత తుపాకీ దెబ్బ. సహజమైన వేటకు పనికిరాకుండా పోయి మనుషుల మీద పడింది. ఆ మొదటి దెబ్బ కొట్టి, రక్తపు జాడ వెంట వెళ్లకుండా ఇంటికి పోయినవాడి పేరు ఎవరికీ తెలియదు. పేరంతా ఆఖరి తూటాదే.

తోలడం, తరమడం — వీటి మీద చెప్పాల్సింది తక్కువ. డప్పులతో, కేకలతో పులిని మంచె ముందుకు తోలడం దొరల కాలపు పద్ధతి. పులికి ఎదురయ్యేది కూలీ, ఫోటోలో నిలబడేది దొర.

ఉచ్చు — చాటు నుంచి ఎందుకు కొట్టావని వాలి అడిగితే, మృగాలను మనుషులు ఉచ్చులతోనూ పడతారు, దాక్కునీ కొడతారు కదా అని రాముడు చెప్పిన జవాబు వాల్మీకంలో ఉంది. ఆ జవాబు చాలిందా లేదా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు, అందులోకి నేను దిగను. ఆ రోజుల ఉచ్చంటే తాడు, మహా అయితే తోలు. ఇవాళ మన పల్లెల్లో ఉచ్చంటే జీఐ తీగ, దానిలో కరెంటు.

రైతు సరాసరి అక్కడికి రాడు. మొక్కజొన్న గింజ పాలు పోసుకునే వేళకు, వేరుశెనగ ఊడలు దిగే వేళకు అడవిపందుల మంద ఒక్క రాత్రిలో చేనును దున్నినట్టు చేసి పోతుంది. ముందు పాత చీరలు చుట్టూ కడతాడు. సెలూన్ నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతాడు. నాలుగు సాళ్లు ఆముదమో కుసుమో అంచున వేస్తాడు. మంచె ఎక్కి డబ్బా కొడతాడు. పందులు కొన్నాళ్లకి చీరలకూ డబ్బాకూ అలవాటు పడతాయి. రైతుకు నిద్ర లేకపోవడం ఎన్నాళ్లకీ అలవాటు కాదు. అప్పుడు స్తంభం మీది తీగకు కొండి తగిలిస్తాడు.

దూరం నుంచి చూస్తే సోలార్ కంచె కూడా తీగే. కానీ దాని పని వేరు. వోల్టేజి వేలల్లో ఉన్నా అది సెకనుకొకసారి, కన్ను మూసి తెరిచేలోపు తగిలి ఆగిపోతుంది. పంది బెదిరి వెనక్కి పోతుంది, బతికే ఉంటుంది. కొండి తీగలో 230 వోల్టుల కరెంటు ఆగకుండా ఉంటుంది. తగిలిన కండరం బిగుసుకుపోతుంది, విడిపించుకోవడం ఉండదు. పంది కోసం పరిచిన ఆ తీగ దుప్పినీ చిరుతనూ, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేను మనిషినీ ఒకేలా పట్టుకుంటుంది. దశరథుడు కనీసం చప్పుడైనా విన్నాడు. ఇక్కడ వినేవాడు లేడు, ఇంట్లో పడుకుని ఉన్నాడు.

ఎర — పిండిముద్దలోనో పండులోనో నాటు బాంబు దాచి పంది దారిలో పెడతారు. నోట్లో పేలుతుంది. 2020 మే నెలలో కేరళలో అలాంటి పేలుడుకు నోరు ఛిద్రమైన చూడి ఏనుగు వెళ్లియార్ నదిలో నిలబడి ప్రాణం వదిలింది. దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. అదే బాంబు కొరికిన పందుల ఫోటోలు ఎవరూ పంచుకోలేదు.

విషం — ఇక్కడ నా వాటా ఉంది కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయోలోన్ మందు 2 పాళ్లు కలిపి పొట్లాలు కట్టి ఎలుక కలుగుల్లో పెట్టడం వరి రైతులకు తెలిసిన పనే. ఈ మందు రక్తం గడ్డకట్టనివ్వదు. ఎలుక లోలోపల రక్తం కారి కొన్ని రోజులకు చస్తుంది. ఆలస్యం ఈ మందులో లోపం కాదు, అదే దాని గుణం. జింక్ ఫాస్ఫైడ్‌లా వెంటనే కొడితే, చాలీచాలకుండా తిని బతికిపోయిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. నెమ్మదిగా చస్తే దేనివల్ల చస్తున్నదీ దానికి తెలియదు. ఈలోగా మందగించిన ఎలుకను పట్టిన గుడ్లగూబకూ ఆ విషంలో వాటా అందుతుంది.

యానాదులు ఎలుకలను పట్టే తీరు వేరు. కలుగు నోట్లోకి కుండతో పొగ ఊది, తవ్వి, చేతికి దొరికినదాన్ని ఒక్క దెబ్బతో చంపుతారు. తోకలు లెక్కపెట్టి కూలి ఇవ్వడం ఒక పద్ధతి. కలుగులో ఎలుక దాచుకున్న వడ్లు పట్టినవాళ్లవే. ఎలుకను చంపుతున్న చెయ్యి ఎలుకను చూస్తోంది. అయినా మన భాషలో ‘ఎలుకలు పట్టేవాడు’ తక్కువ మాట. పొట్లాలు అమ్మేవాడు డీలరు.

నా సంగతి ఇంకా నాసి. కిరాణా కొట్లో జిగురు ప్యాడ్ కొని వంటింట్లో పెట్టాను. అర్ధరాత్రి కీచుమన్న అరుపు మొదలైంది, తెల్లారినా ఆగలేదు. చంపడానికి చెయ్యి రాలేదు. ఆ చెయ్యి రాకపోవడాన్ని దయ అనుకుని, అట్టను మడిచి, బతికున్న ఎలుకతో సహా చెత్తబుట్టలో పడేశాను. 2024 జూలై 31 నుంచి ఇంగ్లండులో లైసెన్సు లేకుండా జిగురు ప్యాడ్ పెట్టడం నేరం. ఇక్కడ, చట్టం దృష్టిలో నేను వేటాడలేదు. 2022 సవరణ దాకా ఎలుక అయిదో షెడ్యూలులో ‘హానికర జంతువు’. సవరణ ఆ షెడ్యూలునే ఎత్తేసింది. పొలం ఎలుకా ఇంటి ఎలుకా రక్షణ జాబితాలో లేవు గనుక, పదహారో క్లాజు వాటి దాకా రాదు.

హానికర జంతువు — షెడ్యూలు పోయినా అధికారం పోలేదు. 62వ సెక్షన్ కింద కేంద్రం ఫలానా చోట, ఫలానా కాలానికి ఒక జంతువుకు ఈ ముద్ర వేయవచ్చు. 2015 డిసెంబరులో బిహార్‌లోని కొన్ని జిల్లాల్లో నీల్‌గాయ్‌కీ అడవిపందికీ ఏడాది పాటు వేసింది. 2016 జూన్‌లో మొకామా దగ్గర హైదరాబాదు నుంచి వెళ్లిన వేటగాళ్లు రెండు వందలకు పైగా నీల్‌గాయ్‌లను కాల్చారు. కేంద్రంలో ఒక మంత్రి, మేనకా గాంధీ, దీన్ని చంపే యావ అన్నారు. ఇంకో మంత్రి, ప్రకాశ్ జావడేకర్, రాష్ట్రాలు అడిగాయి, ఇచ్చాం అన్నారు. పేరులో ‘గాయ్’ ఉండటం గొడవను పెంచింది. అది ఆవు కాదు, నాలుగు కొమ్ముల జింకకు దగ్గరి చుట్టం. మన తెలుగు పేరు ‘మనుబోతు’లో ఆవు ఎక్కడా వినబడదు. ఆ పేరుతో పిలిచి ఉంటే సగం రభస ఉండేది కాదేమో. అదే ఏడాది సిమ్లాలో కోతులకూ ఈ ముద్ర పడింది, చంపడానికి జనానికి చేతులు రాలేదు. ముద్ర వేయడానికి ఢిల్లీలో ఒక సంతకం చాలు. ఏది చంపదగినదో జనం మనసులో వేరే షెడ్యూలు ఉంది.

వేటగాడు — ఈ మాట పదహారో క్లాజులో లేదు. 2018 నవంబరు 2 రాత్రి యవత్మాల్ అడవుల్లో, 13 మందిని చంపిందని నింద ఉన్న ‘అవని’ ఆడపులిని కాల్చారు. ముందు మత్తు సూదికి ప్రయత్నించాలి, అది కుదరకపోతేనే తుపాకీ అన్నది షరతు. కాల్చింది అనుమతి పొందిన వేటగాడు కాదు, అతని కొడుకు. సూది నిజంగా తుపాకీతో వేశారా, పులి మీదికి వస్తుండగానే కాల్చారా అని పోస్ట్‌మార్టం తర్వాత ప్రశ్నలు వచ్చాయి. ఆ ప్రశ్నలు అడగడం సబబే, ఇంకా గట్టిగా అడగాలి. అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. అతను ఎక్కడ నిలబడ్డాడో, ఎంత దూరం నుంచి కాల్చాడో, ఎవరి కాగితంతో వచ్చాడో రాసి ఉంది.

జిల్లా పేజీలో తరచూ కనబడే చిన్న వార్త ఇలా ఉండదు. ‘అడవిపందుల కోసం అమర్చిన విద్యుత్ తీగ తగిలి వ్యక్తి మృతి.’ వ్యాకరణం తెలిసినవాళ్లు చూడండి: తగిలింది తీగ, చచ్చింది వ్యక్తి, అమర్చినవాడు వాక్యంలో లేడు. చట్టం ప్రకారం పంది కోసం ఆ తీగ పరచడమూ వేటే, ఏదీ చిక్కకపోయినా వేటే. అలాంటి వార్తలు చాలా చదివాను. వాటిలో ‘వేట’ అనే మాట నాకు ఎక్కడా కనిపించలేదు.