చెరువు కట్ట మీద తాబేళ్లు

ఏడాదిలో ఎక్కువ నెలలు స్వర్ణముఖిలో ఇసుకే కనిపిస్తుంది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, శ్రీకాళహస్తి మీదుగా సముద్రానికి చేరే ఈ ఏరు వానలు పడితేనే పారుతుంది. పలమనేరు దగ్గర కౌండిన్యదీ అదే తీరు. ఆ ఏటి ఒడ్డునే కూర్మాయిలో విష్ణువు కూర్మ వరదరాజస్వామిగా పూజలందుకుంటున్నాడు. నీళ్లు నిలవని సీమలో తాబేలు రూపానికి గుడి ఏమిటని కొత్తవాళ్లకు అనిపించవచ్చు. ఇక్కడ తాబేలును బతికించింది ఏరులకన్నా చెరువులే.

ఆ చెరువుల లెక్కలు తిరుమల గోడల మీదే ఉన్నాయి. విజయనగర కాలంలో రాజులు, అధికారులు, వర్తకులు స్వామివారి నైవేద్యాలకు సొమ్ము సమర్పించేవారు. ఆ సొమ్ముతో దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన పంట మీద వచ్చే రాబడితో దాత పేరిట నైవేద్యం ఏటేటా సాగేది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితులు చదివిన ఆ శాసనాలను దేవస్థానం 1930లలో అచ్చు వేయించింది. చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ వాటిని పరిశీలించి, ఆనాటి గుడి సేద్యానికి పెట్టుబడి పెట్టిన తీరును 1960లో వివరించాడు. చెరువు కట్టించినవారికి, బాగుచేసేవారికి దశబంధం అనే మాన్యపు భూములు ఉండేవి. దాతలు తలచుకున్నది దేవుడి ప్రసాదాన్నీ వరిమడినీ. దాని ఫలం తాబేళ్లకూ అందింది.

వాటిని చూడాలంటే ఎండ కాస్త ఎక్కాక కట్ట లోపలివైపు రాళ్లను, తూము స్తంభాలను, మరవ పక్కనున్న బండలను గమనించాలి. నల్ల తాబేలు వీపు మీద పొడవునా మూడు గట్లు లేచి ఉంటాయి. మెత్తచిప్ప తాబేలుకు వీపు నున్నగా ఉంటుంది. వెనక కాళ్లు లోపలికి లాక్కోగానే కిందివైపున్న రెండు మడతలు తలుపుల్లా మూసుకుంటాయి. ఒంట్లో సొంతంగా వేడి పుట్టించుకోలేని ప్రాణి కనుక తిన్నది అరగాలన్నా దానికి ఎండ కావాలి. చిప్ప ఆరితే పాచి, జలగల పీడా తగ్గుతుంది. కట్ట మీద అడుగుల చప్పుడైతే చాలు, మెడ చాచి ఒక్క క్షణం చూసి బుడుంగుమని నీళ్లలో పడుతుంది.

చెరువు ఎండితే?

మెత్తచిప్ప తాబేలు అడుగు బురదలోకి తవ్వుకుపోయి, వాన పడేదాకా కదలకుండా ఉంటుంది. కరువు సీమలో అది నిలదొక్కుకున్నది ఈ ఓర్పుతోనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి మొదటి షెడ్యూలులో చోటిచ్చింది. పట్టినా, అమ్మినా నేరమే. పూడిక తీసేది కూడా వేసవిలోనే, అది బురదలో దాగి ఉన్న నెలల్లోనే. అందుకే యంత్రాలు దించే ముందు చెరువులో ఒక మూలను కదపకుండా వదిలిపెట్టడం మంచిది.

కట్ట నిలిస్తేనే చెరువూ, అందులో తాబేలూ; కనుక కట్టల సంగతీ మరవకూడదు. తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కృష్ణదేవరాయల నాటిదని ప్రతీతి. 2021 నవంబరు వానలకు నిండి, కట్ట నుంచి నీళ్లు కారడం మొదలైంది. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. రాత్రింబవళ్లు పనిచేసి కట్టను నిలబెట్టారు.