పశువుల అంటురోగములు: ప్రయోగశాలా పరీక్షల చరిత్ర

పశువుల రక్తము, పాలు, పేడ, గాయపు పొర మొదలగువానినుండి నమూనాలు గ్రహించి, వానిని శాస్త్రీయముగా పరీక్షించి అంటురోగములను నిర్ధారణ చేయు విద్యకు దాదాపు నూటయేబది యేండ్ల చరిత్ర కలదు. అంతకుముందు పశువైద్యుడైనను, రైతైనను కంటికి కనబడు లక్షణములనే నమ్ముకొనవలసియుండెను. దొమ్మ, గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు అని మన రైతులు రోగములను వేరుపరచుకొనుటలో గొప్ప పరిశీలన యున్నది. కాని రాత్రి మేత మేసిన యెద్దు తెల్లవారునప్పటికి చచ్చిపడియున్నచో అది దొమ్మయో, గొంతువాపో, పాముకాటో కంటిచూపు తేల్చజాలదు. పైకి పుష్టిగా నుండి, లోలోపల రోగమును మోయుచు మందకంతటికిని పంచుచున్న పశువును గుర్తించుట అంతకన్నను దుస్సాధ్యము.

ఈ విద్యకు పునాది దొమ్మరోగముతో పడినది. నాటి ప్రష్యాలోని వోల్‌స్టైన్ అను చిన్న పట్టణమున జిల్లా వైద్యాధికారిగా నుండిన రాబర్ట్ కాఖ్, దొమ్మకు కారణమైన సూక్ష్మజీవిని శరీరము వెలుపల పెంచి, అది బీజరూపము ధరించి చిరకాలము నిలిచి మరల పశువును పట్టు క్రమమును 1876లో నిరూపించెను. 1903లో జాన్ మెక్‌ఫేడియన్ వివరించిన వర్ణలేపన విధానము నేటికిని ఆచరణలో నున్నది. దొమ్మ అనుమానమున్న కళేబరమును కోయరాదు. కోసినచో గాలి సోకి సూక్ష్మజీవులు బీజములుగా మారి ఆ నేలను ఏండ్లతరబడి అపాయకరము గావించును. కావున చెవి సిరను సూదితో పొడిచి, వచ్చిన నెత్తుటిచుక్కను గాజుపలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, మిథిలీన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూతురు. నీలికడ్డీల చుట్టును గులాబివన్నె పొర కానవచ్చినచో సందేహము తీరినట్లే. కళేబరము కుళ్లినపుడు ఈ పరీక్ష నిలువదు. 1911లో ఇటలీలో అస్కోలీ కనుగొన్న పరీక్ష ఆ లోటును తీర్చినది.

చచ్చిన పశువు రోగమును చెప్పుటకన్న బ్రతికియున్న పశువులోని గుప్తరోగమును బయటపెట్టుట గొప్ప పని. దానికి దారి తీసినది ఒక విఫలౌషధము. క్షయను మాన్పునని 1890లో కాఖ్ ప్రకటించిన ట్యూబర్క్యులిన్ మందుగా పనికిరాకపోయినను, క్షయ సోకిన పశువునకు దానిని ఎక్కించినపుడు శరీరము ప్రత్యేకముగా ప్రతిస్పందించుట వెల్లడియై, పరీక్షాద్రవ్యముగా శాశ్వతస్థానము సంపాదించుకొన్నది. డెన్మార్కులో బెర్న్‌హార్డ్ బాంగ్ 1892 నుండి దీనితో మందలను పరీక్షించి, రోగమున్న ఆవులను వధింపక వేరుచేసి, దూడలకు కాచిన పాలు పట్టించి, ఆరోగ్యవంతమైన మందలను పెంచవచ్చునని చూపెను. పేదరైతు పశువును చంపకయే రోగమును తుంచవచ్చునన్న ఈ ఆలోచన ఆ పరీక్షకన్న తక్కువ విలువ గలది కాదు. నేడు మెడచర్మమున మందు ఎక్కించి, 72 గంటల పిమ్మట ఆ చోటి మందము ఎంత పెరిగినదో కొలిచి నిర్ణయింతురు. గుఱ్ఱముల గ్లాండర్స్ రోగమునకు ఇట్టిదే యగు మాలీన్‌ను ఆ రోజులలోనే రష్యా సామ్రాజ్యమున సిద్ధపరచిన వారిలో కాల్నింగ్ ఆ రోగమే సోకి 1891లో మరణించెను.

రక్తరసముతో చేయు పరీక్షలు పందొమ్మిదవ శతాబ్దాంతమున వచ్చినవి. ఒకమారు సూక్ష్మజీవితో పోరాడిన శరీరము తన రక్తమున ప్రతిరక్షకములను మిగుల్చుకొనును; అట్టి రక్తరసము ఆ సూక్ష్మజీవులతో కలిసినపుడు అవి గుంపులుగా ముద్దకట్టును. మాల్టా ద్వీపమున బ్రిటిషు సైనికులను పీడించిన జ్వరము ఎట్లు వ్యాపించుచున్నదో ఎవరికిని తెలియకయుండగా, 1905లో థెమిస్టోక్లీస్ జమిత్ ఈ పరీక్షను మేకల రక్తముపై ప్రయోగించెను. ఏ జబ్బు లక్షణమును లేక, ఇంటింటి ముంగిట పాలిచ్చుచున్న మేకలే ఆ జ్వరమునకు నిలయములని తేలెను. 1906లో సైన్యమునకు మేకపాలు మాన్పించినంతనే వారిలో జ్వరము తగ్గిపోయెను. ఆ జాతి సూక్ష్మజీవియే ఆవులలో చూలు పడిపోవుటకును కారణము. 1937లో జర్మనీలో ఫ్లైష్‌హౌవర్ రూపొందించిన పాలవలయ పరీక్ష ఈ రోగమును పాలలోనే పట్టియిచ్చును: నాళికలోని పాలలో రంగు పట్టించిన మృతసూక్ష్మజీవులను కలిపి యుంచినచో, రోగమున్నపుడు రంగు మీగడతో పైకి తేలి వలయము కట్టును, లేనిచో పాలంతటను పరచుకొనియే యుండును. మందలోని పశువుల నన్నింటిని సూదితో పొడువక, అన్నింటి పాలు కలసిన క్యానునుండి ఒకింత తీసినంతనే మంద స్థితి తెలియుట ఈ పరీక్షలోని సొగసు.

భారతదేశమున ఈ విద్య పెద్దరోగము, అనగా రిండర్‌పెస్టు వలన వేళ్లూనినది. 1889లో పూనాలో స్థాపింపబడిన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ, ప్రమాదకరమైన రోగకారకములను జనపదములకు దూరముగా ఉంచవలెనను తలంపున, 1893లో కుమావూ హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలింపబడెను. ఆల్‌ఫ్రెడ్ లింగార్డ్ దాని తొలి అధిపతి. 1897లో కాఖ్ స్వయముగా అచ్చటికి వచ్చెను. ఆ సంస్థయే నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థ.

కాని పెద్దరోగకారకము, గాలికుంటు కారకము సాధారణ సూక్ష్మదర్శినికి చిక్కునవి కావు. గాలికుంటు కారకము బాక్టీరియాను ఆపు వడపోతగుండను దాటిపోవునని లోఫ్లర్, ఫ్రోష్ 1898లో ప్రకటించి, జంతువులలో వైరసు ఉనికిని తొలిసారి స్థాపించిరి. ఆ రోగమునందు ఒక రకమునకు వేసిన టీకా వేరొక రకమును అడ్డదు. అందుచేత ప్రయోగశాల రోగమును పేర్కొనినంతనే చాలదు, రకమును కూడ చెప్పవలెను. నాలుకపైని పొక్కు పొరను తగిన ద్రవములో, చల్లదనము చెడకుండ పంపనిచో ఎంత గొప్ప ప్రయోగశాలయు నిస్సహాయమగును. గ్రామమున నమూనా తీయు పశువైద్య సిబ్బంది శ్రద్ధపైననే తక్కిన సర్వమును ఆధారపడియున్నది.

1920లో భారతదేశమునుండి బ్రెజిలుకు పోవుచున్న పశువులు ఆంట్‌వెర్ప్ రేవున దిగగా బెల్జియములో పెద్దరోగము చెలరేగెను. ఆ ఉపద్రవమే 1924లో పారిసులో అంతర్జాతీయ పశురోగ సంస్థ ఏర్పడుటకు కారణమాయెను. ఈ రోగ నిర్మూలన యత్నమున ప్రయోగశాల రెండు మేలులు చేసినది. మొదటిది, పోలికలవలన కలుగు పొరపాటును తొలగించుట: గొఱ్ఱెలలో, మేకలలో కనబడు పి.పి.ఆర్. రోగము పెద్దరోగమును పోలియుండును; అది 1987లో తమిళనాడున వేరుగా గుర్తింపబడినది. రెండవది, రోగము లేదని నిరూపించుట. ఇది చాల కఠినము. టీకా పొందిన పశువు రక్తమును, రోగమునుండి కోలుకొన్న పశువు రక్తమును ఒకే సాక్ష్యము నిచ్చును గనుక, ముందు టీకాలు ఆపవలెను. ఆపి, అటుపై పుట్టిన దూడల రక్తమును ఎలీసా పరీక్షతో వేలకొలదిగా చూడవలెను. 1971లో వెలువడిన ఎలీసా, ఒకే పలకపై పదులకొలది నమూనాలను పరీక్షింపజేసి, ఈ పనిని సుసాధ్యము గావించినది. భారతదేశమునకు 2006లో పెద్దరోగ సంక్రమణ రహిత దేశముగా గుర్తింపు లభించెను. 2011లో ఆ రోగము భూమిపై లేదని ప్రకటింపబడెను.

పాలిమరేస్ శృంఖల చర్య మొదలైన నేటి పద్ధతులు వైరసు జన్యుద్రవ్యమునే కొన్ని గంటలలో చూపగలవు. పెద్దరోగమున ఫలించిన క్రమమునే అనుసరించి, పి.పి.ఆర్.ను 2030 నాటికి నిర్మూలింపవలెనని 2015లో అంతర్జాతీయ సంస్థలు సంకల్పించినవి.